టీ స్క్వేర్, మినీ డ్రాఫ్టర్, ప్యారలల్ బార్: బీఆర్క్‌లో చేరినవాళ్లు ఏది కొనాలి?

బీఆర్క్‌లో, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీలో, చేరిన మొదటి రోజుల్లోనే కాలేజీ వాళ్లు ఒక సామాన్ల జాబితా చేతిలో పెడతారు. డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్ లేదా డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు, స్కేళ్లు, పెన్సిళ్లు, పెన్నులు, షీట్లు, వాటిని చుట్టి మోసుకెళ్లే ట్యూబు. ఆ కాగితం పట్టుకుని కోఠికో, ఊళ్లో పెద్ద స్టేషనరీ షాపుకో వెళ్తే బీటెక్ పిల్లలకు ఇచ్చే మినీ డ్రాఫ్టరే ఇక్కడా ఇస్తారు. ఇంట్లో అన్నయ్యో అక్కో ఇంజనీరింగ్ చదివి ఉంటే అటక మీద ఒకటి ఉండనే ఉంటుంది. "కొత్తది ఎందుకు, అదే తీసుకెళ్లు" అంటారు.

బీటెక్‌లో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ ఒకటి రెండు సెమిస్టర్లతో అయిపోతుంది కాబట్టి వాళ్లకు అది చాలు. ఆర్కిటెక్చర్ విద్యార్థికి మొదటి రెండేళ్లు దాదాపు పనంతా బోర్డు మీదే. షీట్లు పెద్దవి, గీతలు పొడుగు, ఒక్కో సబ్మిషన్‌కు రాత్రుళ్లు పట్టే పని. అందుకే ఈ ఎంపికను తేలిగ్గా తీసుకోవద్దు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి సంవత్సరానికి మంచి టీ స్క్వేర్, పెద్ద సెట్ స్క్వేర్ల జత కొనండి. గదిలో బోర్డు కదలకుండా ఒకచోట ఉంచుకునే వీలుంటే ప్యారలల్ బార్ ఇంకా మంచిది. మినీ డ్రాఫ్టర్ మూడో స్థానంలో ఉంటుంది. కారణం ఒక్కటే. మొదటి రెండింటిలో గీత తప్పితే ఎక్కడ తప్పిందో మీ కంటికి కనిపిస్తుంది. మూడోదానిలో తప్పు కీళ్లలో దాక్కుంటుంది. నేర్చుకునేవాళ్లకు తమ తప్పు తమకు కనిపించడం కంటే కావలసింది లేదు.

అసలు ఎంత కచ్చితంగా గీయాలి?

1:100 స్కేలులో మీటరు దూరం షీట్ మీద 10 మిల్లీమీటర్లు. మన తొమ్మిదంగుళాల గోడ, అంటే 230 మిల్లీమీటర్ల గోడ, షీట్ మీద 2.3 మిల్లీమీటర్లే. నాలుగున్నర అంగుళాల గోడ అయితే 1.15. పెన్సిల్ మొన మొద్దుబారి గీత అర మిల్లీమీటరు మందం వచ్చిందనుకోండి, ఆ గీత ఒక్కటే 50 మిల్లీమీటర్ల గోడను మింగేస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడకు రెండు వైపులా అలాంటి గీతలు పడితే మధ్యలో మిగిలే ఖాళీ దాదాపు సగమే.

కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే ఆటోకాడ్‌లో ఇది తెలియదు. అక్కడ గోడను తెర నిండా పెద్దది చేసుకుని గీస్తాం, తర్వాత ప్రింట్ తీస్తే రెండు గీతలు కలిసిపోయి నల్లటి పట్టీ వస్తుంది. చేత్తో గీసినవాళ్లకు 2.3 మిల్లీమీటర్లు ఎంతో, అందులో ఏం చూపించగలమో, ఏం వదిలేయాలో ముందే తెలుస్తుంది. చివరికి అందరూ కంప్యూటర్ మీదే పని చేస్తారని నాకూ తెలుసు. ఆ పని బాగా చేయడానికే ఈ రెండేళ్లు కావాలంటాను.

టీ స్క్వేర్

దీని పని సులువు. తల భాగం బోర్డు ఎడమ అంచుకు ఆనుతుంది, పొడుగు పట్టీ అడ్డంగా షీట్ మీద ఉంటుంది. అడ్డ గీతలన్నీ దాని వెంట, నిలువు గీతలన్నీ దాని మీద సెట్ స్క్వేర్ నిలబెట్టి. 45 డిగ్రీల సెట్ స్క్వేర్, 30-60 సెట్ స్క్వేర్ రెండూ కలిపితే 15, 75 డిగ్రీలు కూడా వస్తాయి. అంటే ప్లానుకు కావలసిన కోణాల్లో చాలా వరకు అయిపోయినట్టే.

ఇబ్బంది ఎడమ చేతికి. తలను ఎప్పుడూ అంచుకు నొక్కి ఉంచాలి. కొంచెం వదిలితే పట్టీ చివర ఊగుతుంది. పట్టీ పొడుగయ్యేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది కాబట్టి, ముఖ్యమైన గీతలు తలకు దగ్గరగా ఉన్న భాగంలో పడేలా షీట్‌ను బోర్డుకు ఎడమ వైపుగా అంటించుకోవాలి. కొత్తవాళ్లు నిలువు గీతల కోసం టీ స్క్వేర్‌ను తీసుకెళ్లి బోర్డు పై అంచుకు ఆనిస్తారు. అలా చేయకండి. బోర్డు మూలలు కచ్చితంగా 90 డిగ్రీలు ఉంటాయన్న నమ్మకం లేదు. ఏ ఒక్క అంచు నుంచి మొదలుపెట్టారో షీట్ పూర్తయ్యేవరకు అదే అంచు.

షాపులోనే పరీక్షించి కొనొచ్చు. ఒక కాగితం మీద పట్టీ అంచు వెంట పొడుగాటి గీత గీయండి. టీ స్క్వేర్‌ను బోర్లించి, అదే అంచును ఆ గీత రెండు చివరలకూ ఆనించి మళ్లీ గీయండి. గీత మీద గీత పడితే అంచు సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో రెండూ విడిపోతే వంకర ఉన్నట్టు, ఇంకొకటి చూపించమనండి. సెట్ స్క్వేర్‌కూ ఇలాంటి పరీక్షే. పట్టీ మీద నిలబెట్టి నిలువు గీత గీసి, సెట్ స్క్వేర్‌ను అద్దంలో బొమ్మలా తిప్పి అదే బిందువు నుంచి ఇంకో గీత గీయండి. పైకి వెళ్లేకొద్దీ రెండు గీతల మధ్య ఖాళీ పెరుగుతుంటే, ఆ ఖాళీలో సగం దాని తప్పు. తలకూ పట్టీకీ మధ్య స్క్రూలు కదులుతున్నాయేమో కూడా చేత్తో ఆడించి చూడండి.

సెట్ స్క్వేర్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. జామెట్రీ బాక్సులో వచ్చే చిన్నవి బోర్డు మీద పనికిరావు. ఏ2 షీట్‌కు కనీసం 30 సెంటీమీటర్ల పొడుగున్నవి కావాలి, లేకపోతే ఒక్కో నిలువు గీతను రెండు మూడు ముక్కలుగా అతకాల్సి వస్తుంది.

మినీ డ్రాఫ్టర్

బోర్డు పై అంచుకు ఎడమ మూలలో బిగించి, సమాంతర చతుర్భుజాల్లా కదిలే కడ్డీల చివర ఎల్ ఆకారపు స్కేలు ఉండే పరికరం ఇది. ఎక్కడికి జరిపినా స్కేలు కోణం మారదు. అడ్డం, నిలువు, ఏటవాలు అన్నీ ఒకే దానితో వస్తాయి. కొలతలు దాని మీదే ఉంటాయి. మడిచి సంచిలో వేసుకోవచ్చు. బస్సులో వెళ్లి వచ్చేవాళ్లకు, పరీక్ష హాలుకు ఇది నిజంగా సుఖం. ఏ3 షీట్ మీద చిన్న పనికి చాలా వేగంగా ఉంటుంది.

కాని ఆ కడ్డీలన్నీ కీళ్ల మీద తిరుగుతాయి. కీలు కొంచెం వదులైతే స్కేలు కోణం కొంచెం మారుతుంది. ఎంత కొంచెం? అర డిగ్రీ అనుకుందాం. కంటికి తెలియదు. 400 మిల్లీమీటర్ల దూరం పోయేసరికి అది దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. 1:100 ప్లానులో అంటే 350 మిల్లీమీటర్లు, ఒక తొమ్మిదంగుళాల గోడ కంటే ఎక్కువ. పైగా దాని స్కేళ్లు పొట్టివి, పెద్ద షీట్ మీద పొడుగు గీతను జరుపుకుంటూ అతకాలి, ప్రతి అతుకు దగ్గరా కొత్త తప్పుకు అవకాశం. అటక మీది పాత డ్రాఫ్టర్‌లో కీళ్లు అప్పటికే అరిగి ఉంటాయి. అది వాడక తప్పదంటే ముందు ఒక పరీక్ష పెట్టండి. షీట్ పైభాగాన ఎడమ వైపు ఒక అడ్డ గీత, కింద కుడి మూలలో ఇంకొకటి గీయండి. రెంటి మధ్య దూరం అటు చివర, ఇటు చివర కొలవండి. తేడా వస్తే స్క్రూలు బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ తేడా ఉంటే దాన్ని చిన్న షీట్లకే ఉంచుకోండి.

ఎడమ చేతివాటం వాళ్లకు మినీ డ్రాఫ్టర్ మరీ కష్టం. మామూలుగా దొరికేవి కుడి చేతివాళ్ల కోసం చేసినవే, గీసే చెయ్యి కడ్డీలకు అడ్డం పడుతుంటుంది. టీ స్క్వేర్ అయితే తలను బోర్డు కుడి అంచుకు పెట్టుకుంటే చాలు.

ప్యారలల్ బార్

బోర్డుకు రెండు పక్కలా సన్నని తీగలు, మూలల్లో చిన్న చక్రాలు, వాటి మీద పైకీ కిందికీ జరిగే పొడుగాటి పట్టీ. రెండు చివరలూ ఒకేసారి కదులుతాయి కాబట్టి పట్టీ ఎప్పుడూ సమాంతరంగానే ఉంటుంది. ఎడమ చేత్తో నొక్కి పట్టే పని లేదు. రెండు చేతులూ సెట్ స్క్వేర్‌కు, పెన్సిల్‌కు మిగులుతాయి. ఏ1 షీట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత లాగొచ్చు. రాత్రి పొద్దుపోయేదాకా పని చేసేటప్పుడు భుజానికి తెలిసే తేడా ఇది. కుడి చేతివాళ్లకూ ఎడమ చేతివాళ్లకూ ఒకేలా పనిచేస్తుంది.

తీగ బిగువు మాత్రం చూసుకోవాలి. వదులైతే ఒక చివర వెనకబడుతుంది. వారానికోసారి పైన ఒక గీత, కింద ఒక గీత గీసి ఎడమ, కుడి చివర్లలో వాటి మధ్య దూరం కొలిస్తే సంగతి తెలిసిపోతుంది. రబ్బరు పొడి చక్రాల్లో చేరకుండా, పట్టీ అడుగున పేరుకోకుండా మెత్తటి గుడ్డతో తుడవాలి, లేకపోతే పట్టీ జరిగిన చోటల్లా షీట్ మీద బూడిద రంగు చారలు పడతాయి. మూడింటిలో ధర ఎక్కువ ఇదే. బోర్డుతో కలిసే ఉంటుంది కాబట్టి మోయలేం. మీ స్టూడియో టేబుళ్లకే ఇవి బిగించి ఉంటే సగం సమస్య తీరినట్టే, హాస్టల్ గదికి టీ స్క్వేర్ చాలు.

సమాంతరం ఇంత ముఖ్యమా అని అడిగేవాళ్లకు మెట్లు చూపిస్తాను. అంతస్తు ఎత్తు 3.15 మీటర్లు, 20 మెట్లు అనుకోండి. 1:50లో మొత్తం 63 మిల్లీమీటర్లు, ఒక్కో మెట్టు 3.15. ఎవరూ 3.15 కొలిచి పెట్టలేరు. పోనీ 3 చొప్పున పెట్టుకుంటూ పోతే చివరికి 3 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది, అంటే ఇంచుమించు ఒక మెట్టు మాయం. దీనికి పాత పద్ధతి ఉంది. స్కేలును ఏటవాలుగా పెట్టి 0 కింది అంతస్తు గీత మీద, 80 పై అంతస్తు గీత మీద పడేలా జరపండి. 4 మిల్లీమీటర్లకొక చుక్క పెట్టండి. ఆ చుక్కల్లోంచి అడ్డ గీతలు లాగితే 20 సమాన మెట్లు వస్తాయి. ఆ గీతలన్నీ నిజంగా సమాంతరంగా ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది.

బోర్డు

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్కలో డీ1 బోర్డు 1000×700 మిల్లీమీటర్లు, డీ2 700×500. ఏ1 షీట్ 594×841, ఏ2 420×594. కాబట్టి ఏ1 పని ఉంటుందని సీనియర్లు చెప్తే డీ1, లేకపోతే డీ2. రోజూ బస్సులో మోయాల్సినవాళ్లు డీ1 కొనకండి, అది గది బోర్డు. ఎడమ అంచు నున్నగా, తిన్నగా ఉండాలి. షీట్‌ను మాస్కింగ్ టేప్‌తో అంటించండి, పిన్నులు గుచ్చితే బోర్డంతా గుంటలు పడి తర్వాత ప్రతి గీతా అక్కడ తడబడుతుంది.

పెన్సిల్: మూడు రకాలు

మామూలు చెక్క పెన్సిల్, 0.5 మైక్రోటిప్, 2 మిల్లీమీటర్ల ములుకు వేసుకునే క్లచ్ పెన్సిల్. మైక్రోటిప్ సులువు, చెక్కే పని లేదు, మందం మారదు. కొత్తవాళ్లు దానికే మొగ్గుతారు. నేను మాత్రం మొదటి సెమిస్టర్ చెక్క పెన్సిల్‌తోనో క్లచ్‌తోనో చేయమంటాను. మొన ఎంత సన్నగా ఉండాలో, ఎన్ని గీతలకు అరుగుతుందో, గీత లాగుతూ పెన్సిల్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పితే మందం ఎలా నిలబడుతుందో చేతికి తెలిసేది వాటితోనే. ఆ అలవాటు పడ్డాక మైక్రోటిప్ వాడితే గీత బాగా వస్తుంది.

గ్రేడుల సంగతి. గ్రాఫైట్‌లో మట్టి కలిపి కాల్చే పద్ధతి ఫ్రాన్స్‌లో కాంటే 1795లో కనిపెట్టినది. మట్టి ఎక్కువైతే ములుకు గట్టి, గీత లేత. అదే హెచ్ వరస. గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తన, నలుపు. అదే బీ వరస. తొలి కొలత గీతలకు 2హెచ్, గోడల గీతలకు హెచ్, అక్షరాలకు హెచ్‌బీ. ఈ మూడు చాలు, పన్నెండు గ్రేడుల డబ్బా స్కెచింగ్ వాళ్లకు. గాలిలో తేమ ఎక్కువైతే ములుకు ఇంకా గట్టిగా ఉన్నట్టు పనిచేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో గీతలు పాలిపోయినట్టు వస్తుంటే గట్టిగా నొక్కకుండా ఒక గ్రేడు మెత్తనిది తీసుకోండి. నొక్కితే కాగితంలో గాడి పడుతుంది, రబ్బరుతో ఆ గాడి పోదు.

పెన్నులు

ఇక్కడే తల్లిదండ్రుల డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. రోట్రింగ్ కంపెనీ ఇంకు పెన్నుల సెట్ చూడగానే ఎవరికైనా మనసు లాగుతుంది. జర్మనీలో 1953లో వచ్చిన రాపిడోగ్రాఫ్ నుంచి ఇప్పటి ఐసోగ్రాఫ్ వరకు అవి మంచి పెన్నులే, అందులో వాదన లేదు. సన్నని గొట్టంలోంచి ఇంకు దిగుతుంది, గీత మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. కాని వాటిని నిలువుగా పట్టుకోవాలి, వాడాక మూత పెట్టాలి, సెలవులకు ఇంటికి వెళ్లే ముందు కడిగి ఆరబెట్టాలి. ఫ్యాను కింద మూత తీసి ఉంచితే ఇంకు ఎండి గొట్టం మూసుకుపోతుంది. సన్న నిబ్బుల్లో ఉండే తీగ ఒకసారి వంగితే నిబ్బు పోయినట్టే.

ఫైన్‌లైనర్లకు ఈ బాధలు లేవు. ధర తక్కువ, మూసుకుపోవు, ఎక్కడైనా దొరుకుతాయి. కాని మొన ఫైబరు కాబట్టి అరుగుతుంది, గరుకు షీట్ మీద ఇంకా త్వరగా. అరిగిన 0.1 కొన్నాళ్లకు 0.2లా గీస్తుంది, షీట్‌లో సగం ఒకలా సగం ఒకలా ఉంటుంది. ఒక జాగ్రత్త కూడా. సకురా మైక్రాన్ పెన్నుల మీద ఉండే అంకె మిల్లీమీటర్లు కాదు. 01 అని ఉన్నది 0.25 మిల్లీమీటర్లు, 03 అంటే 0.35, 05 అంటే 0.45. వేరే కంపెనీ 0.1తో కలిపి వాడితే షీట్ మీద గీతల లెక్క తారుమారవుతుంది.

మొదటి సెమిస్టర్‌కు మూడు మందాల్లో ఫైన్‌లైనర్లు కొనండి. ట్రేసింగ్ షీట్ మీద ఇంకు సబ్మిషన్లు మొదలయ్యాక ఐసోగ్రాఫ్‌లో 0.25, 0.5 రెండే తీసుకోండి, మధ్యలో 0.35 అవసరమైతే తర్వాత. ఈ అంకెలకు ఒక పద్ధతి ఉంది. 0.25, 0.35, 0.5, 0.7 వరసలో ప్రతి అంకె ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. ఏ1, ఏ2 లాంటి కాగితాల కొలతలకూ అదే నిష్పత్తి. ఏ1 షీట్‌ను ఏ2కు తగ్గించి జిరాక్స్ తీస్తే 0.7 గీత 0.5 అవుతుంది, 0.5 గీత 0.35 అవుతుంది. పోర్ట్‌ఫోలియో కోసం షీట్లను చిన్నవి చేసినప్పుడు గీతల మధ్య తేడా చెడకుండా నిలబడేది అందుకే.

ఇంకుతో గీసేటప్పుడు సెట్ స్క్వేర్ అంచు కాగితానికి తాకకూడదు, తాకితే ఇంకు కిందికి పాకి మచ్చ పడుతుంది. మెట్టు కోసిన అంచులున్న సెట్ స్క్వేర్లు దొరుకుతాయి. లేకపోతే ఉన్నవాటి అడుగున మాస్కింగ్ టేప్ రెండు మూడు పొరలు అంటించండి.

షీట్లు

పెన్సిల్ పనికి కార్ట్రిడ్జ్ షీట్, డిజైన్ ఆలోచనలకు పలచని బటర్ పేపర్, ఇంకుకు మందమైన ట్రేసింగ్ షీట్. అందరూ గేట్‌వే అని అడిగేది దాన్నే. ట్రేసింగ్ మీద ఇంకు తప్పును బ్లేడుతో నెమ్మదిగా గీకి తీసేయొచ్చు, కార్ట్రిడ్జ్ మీద ఆ సౌకర్యం లేదు. కాని ట్రేసింగ్ తేమకు ముడతలు పడుతుంది. చెయ్యి చెమట పట్టేవాళ్లు అరచేతి కింద ఒక కాగితం ముక్క పెట్టుకోవాలి.

సీనియర్ల దగ్గర పాతవి కొనడం

చాలామంది చేసేది ఇదే, మంచి పనే. బోర్డు, ప్యారలల్ బార్, స్కేళ్లు పాతవైనా పర్వాలేదు. సెట్ స్క్వేర్లు అంచులు చిట్లకపోతే తీసుకోవచ్చు. చాలామంది సెట్ స్క్వేర్ ఆనించి బ్లేడుతో మోడల్ బోర్డు కోస్తారు, అలా కోసిన అంచు మళ్లీ గీతకు పనికిరాదు. వేలితో తడిమితే గాట్లు తెలుస్తాయి. పాత ఇంకు పెన్నులు, పాత మినీ డ్రాఫ్టర్ మాత్రం వద్దు.

కొనేముందు అడిగి ఒక షీట్ మీద ఆ పరికరాలతోనే 300 మిల్లీమీటర్ల చతురస్రం గీసి చూడండి. పునాది ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు 3-4-5 లెక్కతో మూలమట్టం చూసుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 424 దగ్గర వస్తే బేరం కుదుర్చుకోండి. ఒకటి 423, ఒకటి 425 వచ్చినా మొదటి ఏడాదికి నడుస్తుంది. అంతకంటే తేడా ఉంటే ముందు మీ చేతిని అనుమానించి ఇంకోసారి గీయండి, అప్పటికీ అదే తేడా అదే వైపు వస్తే ఆ సామాను వదిలేయండి.